లాయరక్కని అడగండి: “గన్ చట్టాలన్నీ కొట్టేశారట, నిజమేనా?”

పోయిన నెల అపార్ట్‌మెంట్ డిపాజిట్ల గురించి రాశాక కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉండొచ్చనుకున్నాను. ఈసారి వచ్చిన పదకొండు ఉత్తరాల్లో ఎనిమిది తుపాకుల మీదే. కారణం కూడా తెలిసింది. “సుప్రీంకోర్టు గన్ చట్టాలన్నీ కొట్టేసింది, ఇక ఎవరైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు” అని ఒక వాట్సాప్ మెసేజ్ అమెరికా అంతా తిరిగి, చివరికి మా ఆడపడుచు ఫోన్ నుంచి నాకే వచ్చింది. ఏ కోర్టూ అన్నీ కొట్టేయలేదు. ఏ చట్టంలో ఏ ముక్క కొట్టేశారు, ఎవరి విషయంలో, ఏ రాష్ట్రంలో అన్నది చూడకుండా ఆ మెసేజ్ నమ్ముకుంటే ముందు లాయర్ ఫీజు, తర్వాత జైలు. ఐదు ఉత్తరాలు తీసుకుంటున్నాను.

*

అక్కా, హెచ్-1బీ మీద ఇర్వింగ్‌లో ఉంటున్నాను. మా టీం లీడ్ ఈ శనివారం షూటింగ్ రేంజ్‌కి రమ్మంటున్నాడు. గన్ అక్కడే అద్దెకిస్తారట. “టెక్సాస్‌లో లైసెన్సే అక్కర్లేదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు” అంటున్నాడు. నచ్చితే ఒకటి కొందామని కూడా ఉంది. ఏమైనా ఇబ్బందా?
– పేరు వద్దన్న పాఠకుడు, ఇర్వింగ్

తమ్ముడూ, శనివారం వేరే పని పెట్టుకో.

మీ టీం లీడ్ చెప్పింది సగం నిజం. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చు. కానీ అది వేరే ఏ చట్టమూ అడ్డుపడనివాళ్ళకి. నీకు ఫెడరల్ చట్టమే అడ్డం. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. “కొనలేదు కదా, అద్దెకే కదా” అంటే కుదరదు. చేతిలోకి తీసుకుంటే నీ దగ్గర ఉన్నట్టే, అరగంటైనా సరే. శిక్ష 15 ఏళ్ళ దాకా వేయొచ్చు. 2022 వరకూ అది పదేళ్ళే. పైగా గన్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు.

భయపెట్టడం కాదు, జరిగిన కథే చెబుతాను. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి హమీద్ రెహైఫ్ అనే కుర్రాడు స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చాడు. మార్కులు రాలేదు. యూనివర్సిటీ అతన్ని తీసేసి, వేరేచోట చేరడమో దేశం వదలడమో చేయకపోతే స్టేటస్ పోతుందని చెప్పింది. అతను వెళ్ళలేదు. ఆ తర్వాత ఒక రేంజ్‌కి వెళ్ళి రెండు తుపాకులు కాల్చాడు. కేసు నడిచింది, శిక్ష పడింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2019లో 7-2తో అతని వైపే తీర్పొచ్చింది. ఏమని? అతనికి గన్ హక్కు ఉందని కాదు. తన స్టేటస్ పోయిన సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చేయాలని. ఈ తీర్పుని “రేంజ్‌కి వెళ్తే తప్పు లేదట” అని చదువుకున్నవాళ్ళు నాకు తెలుసు. నీ వీసా ఏమిటో నీకు తెలియదని జడ్జి ముందు చెప్పగలవా? పొడిగింపు కాగితాల మీద సంతకాలన్నీ నీవే కదా.

చట్టంలోనే ఒక చిన్న తలుపుంది, వింటే జోకనుకుంటారు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. అవును, జింకల్ని, బాతుల్ని వేటాడే లైసెన్సే. నిజంగా సరదా ఉంటే అది తీసుకుని, జేబులో పెట్టుకుని, ముందు నీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి అప్పుడు వెళ్ళు.

కొనేటప్పుడు ఇంకో గండం. డీలర్ దగ్గర 4473 అనే ఫారం నింపాలి. పౌరసత్వం అడిగాక “నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా?” అని ఒక గడి, దాని వెంటే “వచ్చి ఉంటే మినహాయింపు ఉందా?” అని మరో గడి. ఒకసారి ఒక క్లయింటు ఆ ఫారం కాపీ పట్టుకొచ్చాడు. మొదటి గడిలో “కాదు” అని టిక్కు పెట్టి ఉంది. ఎందుకు పెట్టావయ్యా అంటే, “పదకొండేళ్ళయింది మేడమ్ వచ్చి, ఇల్లు కూడా కొన్నాం, ఇంకా నాన్-ఇమిగ్రెంట్ ఏమిటి?” అన్నాడు. కౌంటర్లో అబ్బాయి కూడా తల ఊపాడట. మనసులో ఎప్పుడో ఇమిగ్రెంట్ అయిపోయిన మనిషి, కాగితం మీద కాలేదు. ఆ ఫారంలో అబద్ధం రాస్తే అది మరో ఫెడరల్ నేరం.

ఇక రాజ్యాంగం సంగతి. ఆయుధాల హక్కు ఇచ్చే రెండో సవరణలో ఉన్న మాట “జనం”. ఆ మాటలోకి ఎవరొస్తారన్నదే గొడవ. ఇక్కడ చట్టవిరుద్ధంగా ఉంటున్నవాళ్ళు అందులోకి రారని టెక్సాస్ మీద అధికారమున్న ఐదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2011లో చెప్పింది, 2024లో మళ్ళీ చెప్పింది. షికాగోలోని ఏడో సర్క్యూట్ 2015లో అలాంటివాళ్ళూ రావచ్చంటూనే, నిషేధం మాత్రం సరైనదే అంది. నీలాగ చట్టబద్ధంగా వీసా మీద ఉన్నవాళ్ళ గురించి సుప్రీంకోర్టు నేరుగా తేల్చలేదు. తేల్చే కేసు నీది కావాలని కోరుకోకు.

*

లాయర్ గారికి నమస్కారం. మాకు ఆదివారం భోజనం సుఖంగా జరిగి ఏడాదైంది. మా అబ్బాయి “1791లో సైన్యం కోసం, ఆ కాలపు నాటు తుపాకుల కోసం రాసిన మాట అది” అంటాడు. మా అల్లుడు “హక్కుకి భంగం కలగకూడదని రాసుంటే ఇంకా చట్టాలెందుకు?” అంటాడు. ఇద్దరిలో ఎవరిది రైటు?
– లక్ష్మీకుమారి, నేపర్‌విల్, ఇల్లినాయ్

లక్ష్మిగారూ, ఇద్దరికీ సగం సగం మార్కులు. వాళ్ళు ప్లేట్లు కడిగేటప్పుడు ఇది చదివి వినిపించండి.

ఆ సవరణ ఒకే ఒక్క వాక్యం. ముందు సగంలో క్రమశిక్షణ గల మిలీషియా, అంటే మామూలు జనంతో ఏర్పడే సైన్యం, స్వేచ్ఛా రాజ్య భద్రతకి అవసరమని ఉంటుంది, రెండో సగంలో జనం ఆయుధాలు ఉంచుకుని ధరించే హక్కుకి భంగం కలగకూడదని. మీ అబ్బాయి ముందు సగం పట్టుకున్నాడు, అల్లుడుగారు వెనక సగం.

చాలాకాలం కోర్టుల్లో మీ అబ్బాయి మాటే చెల్లింది. దానికి ఆధారమైన 1939 కేసు చదివితే జాలేస్తుంది. జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ అనే ఇద్దరు గొట్టం కోసేసి పొట్టిగా చేసిన షాట్‌గన్‌ని ఓక్లహోమాలోని క్లేర్‌మోర్ నుంచి ఆర్కన్సాలోని సైలోమ్ స్ప్రింగ్స్‌కి తీసుకెళ్ళారు. 18 అంగుళాలకన్నా పొట్టి గొట్టం కాబట్టి 1934 చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, 200 డాలర్ల పన్ను కట్టాలి. కేసు సుప్రీంకోర్టుకి వచ్చేసరికి వాళ్ళ తరఫున వాదించడానికి లాయరే రాలేదు. తీర్పు వచ్చేసరికి మిల్లర్ ప్రాణాలతోనే లేడు, ఎవరో కాల్చి చంపారు. ఒక పక్షమే మాట్లాడిన వాదన విని, ఆ షాట్‌గన్‌కీ మిలీషియాకీ సంబంధం ఉన్నట్టు తమకేమీ చూపలేదని కోర్టు ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. సుమారు డెబ్భై ఏళ్ళు దేశం దాని మీదే నడిచింది.

2008లో బండి తిరగబడింది. వాషింగ్టన్ డీసీలో డిక్ హెల్లర్ అని ఒక సెక్యూరిటీ గార్డు. పగలు ఫెడరల్ భవనం దగ్గర గన్ పెట్టుకుని కాపలా కాస్తాడు, రాత్రి ఇంట్లో అదే హ్యాండ్‌గన్ ఉంచుకోవడానికి వీల్లేదు. డీసీలో 1976 నుంచీ నిషేధం. మొదట కేసు వేసినవాళ్ళు ఆరుగురు. చివరికి నిలిచింది ఈయన ఒక్కడే. ఎందుకంటే ఆరుగురిలో గన్ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టి, కుదరదన్న కాగితం చేతికి తెచ్చుకున్నది ఈయనే. చట్టం నచ్చలేదంటే కోర్టు వినదు. నీకేం నష్టం జరిగిందో చూపించమంటుంది. ఆ ఒక్క కాగితం వల్ల దేశం మొత్తానికి చట్టం మారింది. 5-4తో, మిలీషియాతో పని లేకుండా ఆత్మరక్షణకి ఇంట్లో హ్యాండ్‌గన్ ఉంచుకోవడం ప్రతి మనిషి హక్కని తీర్పు. 2010లో షికాగోలో ఓటిస్ మెక్‌డొనాల్డ్ అనే పెద్దాయన వేసిన కేసుతో అదే హక్కు రాష్ట్రాల మీదా, మీ ఇల్లినాయ్ మీదా పడింది.

అల్లుడుగారు ఇక్కడ మీసం మెలెయ్యబోతే ఆపండి. అదే 2008 తీర్పులో, అదే జడ్జి స్కాలియా, నేరాలకి శిక్ష పడ్డవాళ్ళకీ మానసిక రోగులకీ ఉన్న నిషేధాలనూ, బడుల్లో ప్రభుత్వ భవనాల్లో ఉన్న నిషేధాలనూ, అమ్మకాల మీది షరతులనూ ఈ తీర్పు కదిలించడం లేదని రాశారు. హక్కుంది, కానీ హద్దు లేని హక్కు కాదు.

మరి హద్దెక్కడ? 2022 నుంచి లాయర్లకి నిద్ర లేకుండా చేస్తున్నది ఇదే. న్యూయార్క్‌లో 1913 నాటి షరతు ఒకటుండేది. బయట గన్ పెట్టుకు తిరగాలంటే మామూలు జనానికి లేని ప్రత్యేక అవసరమేదో చూపించాలి. సుప్రీంకోర్టు 6-3తో దాన్ని కొట్టేసింది. అంతటితో ఆగితే బాగుండేది. ఇకనుంచి ఏ గన్ చట్టాన్ని సవాలు చేసినా, ఈ దేశపు పాత ఆయుధ చట్టాల సంప్రదాయంలో దానికి పోలిక ఉందని ప్రభుత్వం చూపాలని చెప్పింది. అచ్చు కవల అక్కర్లేదట, చుట్టపు పోలిక చాలట. ఎంత దగ్గరి చుట్టం? అది చెప్పలేదు. దాంతో లాయర్లందరం పాత కాగితాల దుమ్ము దులుపుతున్నాం. 1328 నాటి ఇంగ్లండ్ శాసనం నుంచి, బోస్టన్ ఇళ్ళలోకి గుండు దట్టించిన తుపాకీ తీసుకెళ్ళకూడదన్న 1783 చట్టం దాకా కోర్టు కాగితాల్లోకి వచ్చాయి. మిసిసిపీలో ఒక ఫెడరల్ జడ్జి అయితే “నేనొక చరిత్రకారుణ్ణి నియమించుకోవాలా?” అని ఇరుపక్షాల్నీ రాతపూర్వకంగా అడిగారు. నాకు ఆ ఆర్డరు చూసి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఈ పద్ధతి ఎక్కడిదాకా వెళ్ళిందో మా పక్క ఊరి కేసే సాక్ష్యం. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో జాకీ రహీమీ 2019 డిసెంబరులో పార్కింగ్ లాట్‌లో గర్ల్‌ఫ్రెండ్‌ని తోసేసి, ఆమె పారిపోతుంటే గన్ పేల్చాడు. కోర్టు అతనికి ఆమె జోలికి వెళ్ళొద్దని ఆర్డరిచ్చింది. అలాంటి ఆర్డరు ఉన్నవాళ్ళు గన్ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. తర్వాత ఇంకా కొన్ని చోట్ల కాల్పులు జరిపాడు. ఒకసారైతే హోటల్లో స్నేహితుడి క్రెడిట్ కార్డు చెల్లలేదని గాల్లోకి కాల్చాడు. ఇంట్లో గన్స్ దొరికాయి. 2023లో ఐదో సర్క్యూట్ ఏమందంటే, పాత చట్టాల్లో దీనికి పోలిక లేదు కాబట్టి ఈ ఫెడరల్ చట్టమే చెల్లదు అని. ఎక్కణ్ణుంచి ఉంటుందండీ? భార్యకి ఓటే లేని కాలంలో, భార్యని కొట్టినవాడి తుపాకీ లాక్కునే చట్టం ఎవరు రాస్తారు?

2024 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1తో దాన్ని తిరగరాసింది. ఆ రోజుల్లోనూ గొడవ చేస్తాడని అనుమానమున్నవాణ్ణి పూచీకత్తు ఇమ్మనేవారు, ఇవ్వకపోతే లోపల వేసేవారు. ఆయుధంతో జనాన్ని బెదిరిస్తే ఆయుధం జప్తు చేసేవారు. ఈ రెండూ కలిపి చూస్తే, ఇంకొకరి ప్రాణానికి ముప్పని కోర్టు తేల్చిన మనిషి దగ్గర్నుంచి కొంతకాలం గన్ తీసేయడం సంప్రదాయమే అని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. ఒప్పుకోని ఆ ఒక్కరు జస్టిస్ థామస్. చరిత్ర పరీక్ష పెట్టిన 2022 తీర్పు రాసింది ఆయనే! తను కొలబద్ద ఇచ్చి, మిగతా ఎనిమిదిమందీ దాంతో తప్పుగా కొలిచారన్నారన్నమాట.

చివరగా మీ ఊరి సంగతి, ఎందుకంటే మీ ఇంట్లో గొడవ అక్కణ్ణుంచే వచ్చిందని నా అనుమానం. 2022 జులై 4న షికాగో దగ్గరి హైలాండ్ పార్క్ పరేడ్‌లో కాల్పులకి ఏడుగురు చనిపోయాక, ఏఆర్-15 లాంటి రైఫిళ్ళ అమ్మకాన్ని నేపర్‌విల్ నిషేధించింది, తర్వాత 2023 జనవరిలో రాష్ట్రం కూడా. కేసులు పడ్డాయి. అవి సైన్యం వాడే ఎమ్-16కి దగ్గర బంధువులని, వాటికి రెండో సవరణ రక్షణ ఉంటుందని చెప్పలేమని ఏడో సర్క్యూట్ 2023 నవంబరులో నిషేధాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. మేరీలాండ్‌ది ఇలాంటి కేసే ఉంటే 2025 జూన్‌లో సుప్రీంకోర్టు తీసుకోలేదు. కానీ జస్టిస్ కావనా, ఒకటి రెండేళ్ళలో కోర్టు ఈ ప్రశ్న చేపట్టాలన్న అర్థంలో విడిగా రాశారు. కాబట్టి నాటు తుపాకుల వాదన చెల్లదని మీ అబ్బాయికి చెప్పండి. ఇప్పటి ఆయుధాలకీ ఆ హక్కు వర్తిస్తుందని కోర్టు ఎప్పుడో తేల్చింది. ఏ ఆయుధాలకన్నదే మిగిలిన గొడవ.

*

ప్లానో నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి మారుతున్నాం. నేను అమెరికన్ సిటిజన్ని, టెక్సాస్ గన్ లైసెన్సు ఉంది. 15 బుల్లెట్ల మ్యాగజైన్ ఉన్న పిస్టల్ కారులో పెట్టుకుని వెళ్ళొచ్చా? 2022 తీర్పుతో లైసెన్సు అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది కదా?
– శ్రీనివాస్, ప్లానో

చెల్లదు శ్రీనివాస్ గారూ. ఆ తీర్పు, ప్రత్యేక కారణం చూపిస్తేనే లైసెన్సు అన్న షరతుని కొట్టేసింది, అంతే. లైసెన్సు పద్ధతిని కాదు. మీ టెక్సాస్ లైసెన్సుని న్యూజెర్సీ గుర్తించదు. అక్కడ పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్‌తో దొరికితే మామూలుగా 5 నుంచి 10 ఏళ్ళు పడే తరహా నేరం. మ్యాగజైన్‌లో 10 బుల్లెట్లకి మించకూడదని 2018 నుంచీ చట్టం. గన్ ఖాళీ చేసి, తాళం వేసి, చేతికందని చోట పెట్టుకుని రాష్ట్రాలు దాటొచ్చని 1986 ఫెడరల్ చట్టం ఉంది గానీ, బయల్దేరిన చోటా దిగే చోటా అది చట్టబద్ధంగా ఉండాలి. ఆ 15 బుల్లెట్ల మ్యాగజైన్లు ప్లానోలోనే వదిలించుకుని, పిస్టల్ సంగతి న్యూజెర్సీ లాయర్ని అడిగాక లారీ మాట్లాడండి.

*

మా గుడి కమిటీ ద్వారం దగ్గర “తుపాకులు నిషేధం” అని తెలుగులో, ఇంగ్లీషులో బోర్డు పెట్టింది. ఒక భక్తుడు “ఇది నా రాజ్యాంగ హక్కుకి అడ్డం, కేసు వేస్తా” అంటున్నారు. వేయగలరా?
– గుడి కమిటీ సభ్యుడు, ఫ్రిస్కో

వేయడానికేం, ఎవరైనా వేస్తారు. గెలవరు. రెండో సవరణ కళ్ళెం వేసింది ప్రభుత్వానికి, ఇంటి యజమానికి కాదు. మీ స్థలంలోకి గన్ తేవద్దని మీరు చెప్పొచ్చు. హవాయిలో ప్రభుత్వమే, యజమాని సరే అంటే తప్ప షాపుల్లాంటి చోట్లకి కూడా గన్ తేవద్దని చట్టం చేసింది. చట్టం చేసింది ప్రభుత్వం కాబట్టి అది రాజ్యాంగ సమస్యై సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

మీ అసలు సమస్య మీ బోర్డే. మీరు పంపిన ఫోటో చూశాను. దీపాల మధ్య, కుంకుమ రంగులో, పద్మం బొమ్మతో చాలా అందంగా ఉంది. చట్టం ముందు దానికి విలువ తక్కువ. టెక్సాస్‌లో శిక్షా చట్టపు సెక్షన్ల నంబర్లతో మూడు బోర్డులు: లైసెన్సుతో గన్ దాచి పెట్టుకునేవాళ్ళకి 30.06 బోర్డు, పైకి కనిపించేలా పెట్టుకునేవాళ్ళకి 30.07 బోర్డు, లైసెన్సు లేనివాళ్ళకి 30.05 బోర్డు. చట్టంలో ఇచ్చిన మాటలే ఉండాలి, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, వెనక రంగుకి భిన్నమైన రంగులో కనీసం ఒక అంగుళం ఎత్తు అక్షరాలు ఉండాలి. మూడూ కలిపితే తలుపంత అవుతుంది, చూడ్డానికి బాగోదు, తెలుసు. అయినా ప్రతి ద్వారం దగ్గరా పెట్టించండి. తెలుగు బోర్డు కూడా ఉంచండి, మనవాళ్ళు చదివేది దాన్నే.

*

మేడమ్, మా పాపకి తొమ్మిదేళ్ళు. క్లాస్‌మేట్ ఇంట్లో స్లీపోవర్‌కి పిలిచారు. వాళ్ళింట్లో గన్ ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. అడిగితే వాళ్ళ హక్కుని ప్రశ్నించినట్టు అవుతుందా?
– ఒక తల్లి, మెకిన్నీ

అవదమ్మా. అడగడం మీ హక్కు, అదీ మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే మొదటి సవరణ హక్కు. ఫ్లోరిడాలో 2011లో, పేషెంట్లని ఇంట్లో గన్ ఉందా అని డాక్టర్లు అడగకూడదని ఒక చట్టం తెచ్చారు. డాక్టర్లు కోర్టుకెళ్ళారు. 2017లో పదకొండో సర్క్యూట్, అది మాట్లాడే స్వేచ్ఛకి అడ్డమని చెప్పి, అడగొద్దన్న ఆ భాగాన్ని కొట్టేసింది. డాక్టరే అడగొచ్చంటే తల్లి అడగకూడదా?

2008 నాటి ఆ డీసీ తీర్పులోనే, ప్రమాదాలు జరగకుండా గన్‌ని భద్రంగా దాచాలనే చట్టాలకి ఈ తీర్పు అడ్డం కాదని ఒక వాక్యం ఉంది. టెక్సాస్‌లోనూ ఒక చట్టముంది. లోడ్ చేసిన గన్‌ని 17 ఏళ్ళలోపు పిల్లల చేతికందేలా అజాగ్రత్తగా వదిలేసి, అది పిల్లల చేతికి వెళ్తే పెద్దవాళ్ళ మీద కేసు. కాబట్టి మీరు అడిగేది వాళ్ళకి కొత్త నియమమేమీ కాదు.

నేను మా అబ్బాయి చిన్నప్పుడు ఎలా అడిగేదాన్నో చెబుతా. ఫోన్లో ముందు వాడికి వేరుశనగ పడదని చెప్పేదాన్ని. తర్వాత కుక్క ఉందా అని. అదే గొంతుతో, “ఇంట్లో గన్ ఉంటే తాళం వేసే ఉంటుంది కదండీ?” అని. ఎవరూ కోప్పడలేదు. ఒకావిడ మాత్రం “ఆగండి, చూసొస్తా” అని ఫోన్ పక్కన పెట్టి వెళ్ళింది. లోపల బీరువా తలుపు చప్పుడు వినపడింది.